రెండు డిపార్ట్‌మెంట్ల నడుమ మా అక్క

మా అక్క పోయిందని కబురు చర్చి ఆఫీసు ఫోనుకు వచ్చింది. హైదరాబాదుల పాఠం చెప్పుకుంట కూలబడిందట. దవాఖానకు తీసుకపోయేలోపే ప్రాణం పోయిందట. నాయినకు నేనే చెప్పిన. ఆయన "పాఠం పూర్తయిందా బిడ్డా?" అని అడిగిండు. అంత దుఃఖంలో కూడా నాకు కుళ్ళు పుట్టింది. నేను పోతే ఏమడుగుతడో అనుకున్న.

అక్క ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు సెలవులకు ఇంటికొచ్చింది. అప్పుడు శంకరంపేట పోయే తొవ్వల వరి మళ్ళకు పురుగుల మందు కొట్టిండ్రు. మళ్ళనుంచి నీళ్ళు దిగిన కాలువల చేపలు తెల్లగ తేలినయి. జనంతో పాటు నేనూ గంప నింపుకున్న. అక్క ఉరికొచ్చింది.

"తినకుండ్రి! ఆ మందు చేపల్ల ఉంటది."

"నీళ్ళు తేటగనే ఉన్నయి గదమ్మా," అన్నది ఒకామె.

"తేటగుంటే మంచిగున్నట్టు గాదు పెద్దమ్మా," అని ముందుగాల నా గంపే గుంజి పారబోసింది.

నేను ఊరగాయకని కడిగి పెట్టుకున్న గాజు సీసాలు రెండు తీసుకుంది. ఒకదాంట్ల బావి నీళ్ళు, ఇంకోదాంట్ల కాలువ నీళ్ళు పోసి, రెండిట్ల బతికున్న చేపపిల్లల్ని వదిలింది. నాయిన స్టూలేసుకొని వాటి ముందే కూసున్నడు. కాలువ నీళ్ళ చేపలు పక్కకు ఒరిగినయి. నాయిన తనే పోయి ఆ మడి రైతును పిలుచుకొచ్చి చూపించిండు. మళ్ళీసారి మందు కొట్టినప్పుడు ఆ రైతు గండి మూసి నీళ్ళు మడిలనే ఆపిండు. నేను చర్చివాళ్ళ మిషన్ బడిల కుట్టుపని నేర్పుత. నేను కుట్టిన చొక్కాలే తొడిగే నాయిన, ఈ కుట్టు ఎట్లేసినవని ఒక్కనాడు అడగలేదు.

ఈ మందు నీళ్ళ మీదనే రీసెర్చి చేస్తనని అక్క అంటే యూనివర్సిటీల కెమిస్ట్రీ పెద్దసారు "చేపలైతే జువాలజీకి పో" అన్నడట. జువాలజీ సారు "విషమైతే కెమిస్ట్రీకి పో" అన్నడట. "నీళ్ళకేం ఎరుక చెల్లే, అవి ఏ డిపార్ట్‌మెంటో!" అని నవ్వేది. తిరిగి తిరిగి, ఆఖరికి పగిలిన సామాన్లు పడేసే గది ఒకటి సంపాయించుకుంది. చేపను ఎరిగినోళ్ళను, మందును కొలిచేటోళ్ళను ఆ గదిలనే ఒక్క బల్ల దగ్గర కూసోబెట్టింది.

సమాధి దగ్గరికి ఆమె స్టూడెంట్లు బస్సు నిండ వచ్చిండ్రు. నాకంటె ఎక్కువ వాళ్ళే ఏడ్చిండ్రు. అదీ ఓర్వలేకపోయిన.

మాపటికి ఇంట్ల నాయిన నన్ను పిలిచిండు. "నీళ్ళల్ల ఇంత సన్నగ కలిసిన మందు చేపలోపల అంత ఎట్ల జమైతది బిడ్డా? అక్క చెప్పింది, మర్చిపోయిన. జర చెప్పు."

నాకు తెల్వదని చెప్పిన.

పక్కనే ఉన్న అక్క స్టూడెంట్లల్ల ఒక పిల్ల ఆయన ముందు కూసొని, ఆయన అరచెయ్యి తన చేతిలకు తీసుకొని, వేలితో గీసుకుంట చెప్పబట్టింది. నాయిన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని ముందుకు వంగిండు. పొద్దటిసంది మొదటిసారి ఆయన మొఖంల జీవం కనబడ్డది. నేను ఆయనకని చాయ పెట్టి తెచ్చి గడప కాడనే నిలబడ్డ. చాయ మీద మీగడ కట్టింది. ఆ పిల్ల ఇంకా చెప్తనే ఉన్నది.