చివరి గడిలో నేను

కరెంటు లేని కంప్యూటర్ సెంటర్లో నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీయండి. ఈత రావాలంటే నీళ్ళుండాలని మాకూ తెలుసు, చెరువు తవ్వించినవాళ్ళకే తెలియలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ములకలపల్లి సెంటర్లో, బట్టల కొట్టు పైగదిలో, అడవి ఊళ్ళ పిల్లలకు ఉచితంగా కంప్యూటర్ కోర్సు పెట్టారు. నేను అప్పటికి ఇంటర్ పాసై ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉండడమంటే మంచం మీద కాళ్ళు చాపుకుని కాదు. ఎండాకాలం తునికాకు, వానాకాలం మా చేను, చలి వెళ్ళే రోజుల్లో ఊరుగాని ఊళ్ళో మిరపతోటలు. కోర్సు చివర హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చి పరీక్ష పెడతాడనీ, పాసైనవాళ్ళకు అక్కడే ఉద్యోగం ఇప్పిస్తారనీ చెప్పారు. ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మా వంశంలో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మనిషి లేడు. నాకు ఆ కుర్చీ కావాలి. అంతగా దేన్నైనా కోరుకున్నట్టు అంతకుముందూ గుర్తులేదు, ఆ తర్వాతా లేదు.

మాకు చెప్పే సారుది సత్తుపల్లి వైపు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నారట. మంచివాడు. గదిలో కంప్యూటర్లు గుడ్డలు కప్పుకుని వరుసగా ఉండేవి. కరెంటేమో రాత్రిపూట మోటార్ల కోసం వచ్చి, పొద్దున మేం మెట్లెక్కే వేళకు పోయేది. ఎప్పుడైనా పగలు వచ్చిందా, బెంచీలు దూకి పరిగెత్తేవాళ్ళం. తెర మీద వెలుగు కుదురుకునేలోపే మళ్ళీ పోయేది.

చివరికి సారు విసుగెత్తి మమ్మల్నే కంప్యూటర్ చేశాడు. ప్రోగ్రాంలో మాటను స్ట్రింగ్ అంటారు, అంటే వరుసగా కొన్ని గడులు, గడికో అక్షరం. అట్టముక్కల మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి తలా ఒకటి ఇచ్చి అందరినీ పొడుగు బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఒక పిల్ల మిషన్. అది మొదటి నుంచి ఒక్కొక్కరి అట్టా చదువుకుంటూ నడవాలి. నాకు మాత్రం అట్ట ఇవ్వలేదు.

"నువ్వు చివర కూర్చో అమ్మాయ్," అన్నాడు సారు. "నువ్వు అక్షరం కాదు. మాట ఇక్కడితో అయిపోయిందని చెప్పే గుర్తువి. మిషన్ నీ దగ్గరికి రాగానే చెయ్యెత్తు, అది ఆగిపోతుంది."

"మరి నా చేతిల ఏం లేదు గద సార్."

"ఏమీ ఉండదు. అదే నీ పని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతమందిలో ఏమీ లేనిదాన్ని నేనే దొరికానా అనుకున్నాను. అయితే తర్వాత ఒకరోజు జ్వరమొచ్చి నేను పోలేదు. చివర చెయ్యెత్తేవాళ్ళు లేకపోయేసరికి మిషన్ పిల్ల ఆగకుండా నీళ్ళ కుండనూ, చీపురునూ, గోడ మీది క్యాలెండర్‌నూ చదువుకుంటూ మెట్లు దిగి బట్టల కొట్టు దాకా పోయిందట. నిజం కంప్యూటర్ కూడా అంతే, ఆ గుర్తు లేకపోతే పక్కనున్న చెత్తంతా చదువుతుందని సారు చెప్పాడట. ఆ మాట విన్నాక నా చోటంటే నాకు గర్వం పుట్టింది.

ఆ గర్వం మాటను తిరగేసే పాఠం దాకానే నిలిచింది. మొదటి అక్షరం చివరికి, చివరిది మొదటికి, అట్లా రెండు వైపుల నుంచీ చోట్లు మార్చుకుంటూ రావాలి. అందరూ లేస్తుంటే నేనూ లేచి గబగబా వెళ్ళి అందరికంటే ముందు కూర్చున్నాను. మరి చివరన ఉన్నది నేనే కదా. మిషన్ పిల్ల వచ్చింది, నేను చెయ్యెత్తాను, అది అక్కడే ఆగిపోయింది. ఒక్క అక్షరమూ చదవలేదు.

సారు నవ్వాడు. "నువ్వు ముందుకొస్తే మాట మొత్తం ఖాళీ అయిపోతుందమ్మా. తిప్పేటప్పుడు అందరూ మారతారు. నువ్వు మాత్రం కదలకూడదు."

ఆయన పాఠమే చెప్పాడు. అయినా నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ పోయి బెంచీ కొసన కూర్చున్నాను.

ఆరోజే ఇంకొకటి చెప్పాడు. నడిమికి రాగానే ఆపెయ్యాలి, ఆపకుండా పోతే తిప్పిందంతా మళ్ళీ మొదటికొస్తుంది అని. అది ఎవరికీ ఎక్కలేదు. ఎక్కేలోపు మిరపకాయ ఎర్రబడింది.

"చదువు ఏడికి పోదు గని, కాయ రాలిపోతది. నడువు," అంది అమ్మ. ఇంట్లో మేం కోయ భాషలోనే మాట్లాడుకుంటాం. కూలి సంగతి వచ్చినప్పుడు మాత్రం అమ్మకు తెలుగే వచ్చేది.

ట్రాక్టరెక్కి ఎర్రుపాలెం దగ్గర ఒక రైతు తోటకు పోయాం. పెద్ద సాళ్ళు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చెట్ల వరుసలు. అమ్మ ఆ కొస నుంచి, నేను ఈ కొస నుంచి ఏరుకుంటూ వచ్చి నడుమ కలిసేవాళ్ళం. అక్కడితో సాలు అయిపోయినట్టే. కలిశాక కూడా ఆగకుండా పోతే ఏముంది, ఏరిన చెట్లనే మళ్ళీ తడుముకోవాలి. ఒకరోజు అమ్మ ఎదురుపడగానే సారు చెప్పింది టక్కున వెలిగింది. నిలబడి నవ్వాను.

"ఏందే, ఎండ గొట్టిందా? నవ్వుకుంట నిలబడితే అయితదా, జల్దీ కానీ."

కళ్ళూ చేతులూ మంటలు. అయినా ఆ తోటలోనే ప్రోగ్రాం మొత్తం, ఒక్కో వాక్యం, మనసులో రాసుకున్నాను. పరీక్షకు ముందురోజు ఇల్లు చేరాను.

హైదరాబాదు సారు జీపులో వచ్చాడు. కరెంటు లేదు. మా సారు సబ్‌స్టేషన్‌కు పరిగెత్తి వచ్చి, సాయంత్రం దాకా రాదట అన్నాడు. వచ్చినాయన అప్పటికి భద్రాచలం చేరి దర్శనం చేసుకోవాలట. ప్రశ్న మాత్రం ఇచ్చాడు. ఇచ్చిన మాటను తిరగేసే ప్రోగ్రాం రాయాలి. తోటలో నేను మనసులో రాసుకున్నదే. కాగితం తీసుకుని తల ఎత్తకుండా రాసిచ్చాను.

"ఒక్కసారి నడిపి చూపిస్తాం సార్, ఈ పిల్ల రాసింది రాసినట్టు," అన్నాడు మా సారు.

ఆయన కిటికీలోంచి చూసి, ఎదుటి డాబా మీద ఎండబోసిన కాయను చూపించి, "మిర్చి అని పెట్టండి," అన్నాడు. పిల్లలు అట్టలు పట్టుకుని కూర్చున్నారు. నేను రాసిన వాక్యాలు సారు చదువుతుంటే రెండు కొసల నుంచీ లేచి చోట్లు మారారు, నడుమ ఆగారు. నేను కదల్లేదు. మిషన్ పిల్ల తిరగబడ్డ మాటను తప్పు లేకుండా చదివి నా దగ్గరికొచ్చింది. చెయ్యెత్తాను.

ఆయన చప్పట్లు కొట్టాడు. కెమెరా తీసి ఫొటో తీసుకున్నాడు. "మంచిగున్నది. గిట్లాంటిది నేనెక్కడ చూడలేదు," అని సంచి సర్దుకున్నాడు.

"మరి మార్కులు?" అన్నాడు మా సారు.

"మిషన్ మీద రన్ అయితేనే మార్కు సార్. కరెంటున్న రోజు చెప్పండి, మళ్ళొస్తా."

నేను మెట్ల దాకా పోయి అడిగాను. "సార్, నేను రాసిన దాంట్ల తప్పేమన్న ఉందా?"

"తప్పేం లేదమ్మా," అన్నాడాయన. అని జీపెక్కాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారి దేవుడి దర్శనానికే పోయాడు. ఆయన మళ్ళీ రాలేదు. మా సారు చాలాసార్లు ఫోన్లు చేశాడు. తర్వాత వ్యాన్ వచ్చి కంప్యూటర్లను గుడ్డలతో సహా పట్టుకుపోయింది. గదిలో ఎరువుల బస్తాలు దించారు. సారు కల్లూరులో చుట్టాల దుకాణంలో లెక్కలు రాయడానికి పోతూ, "నీకు వచ్చమ్మా. ఇది నీకు వచ్చు," అన్నాడు. వచ్చి మాత్రం ఏం చేసుకోను? తప్పుంటే దిద్దుకునేదాన్ని. తప్పు లేనిదాన్ని ఎట్లా దిద్దుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మళ్ళీ కాయ ఎర్రబడింది. అదే ట్రాక్టరు. ఆ ఏడు కూలీల ముఠా పెద్దది కావడంతో మమ్మల్ని పనికి తీసుకొచ్చిన మేస్త్రి కొత్త పద్ధతి పెట్టాడు.

"సాలు అయిపోంగనే గట్టు మీదికొచ్చి చెయ్యెత్తు. నేను చూస్త."

అమ్మా నేనూ నడుమ కలిశాం. అమ్మ నీళ్ళు తాగడానికి కూర్చుంది. నేను గట్టెక్కి ఖాళీ చెయ్యి పైకెత్తాను. మేస్త్రి దూరం నుంచి చూసి, "అవ్, చూసిన. పక్క సాలు పట్టు," అన్నాడు.

బెంచీ మీద నేను చెయ్యెత్తితే అంతా ఆగిపోయేది. ఇక్కడ ఎత్తితే ఇంకో సాలు ఇస్తారు. చెయ్యి దించి ఆ సాల్లోకి దిగాను.