డైరెక్టు లేదు

విశాఖ ద్వారకా నగర్ బస్ కాంప్లెక్సులో ఎంక్వైరీ కిటికీ వెనక దయానందం ఇరవై ఎనిమిదేళ్లుగా కూర్చుంటున్నాడు. కూర్చుంటున్నాడనడం మర్యాదకే గానీ, ఆ మనిషి కాలు ఒకచోట నిలవదు. ఎలమంచిలికి ఎంతసేపని అడిగితే తలెత్తకుండానే చెబుతాడు. కానీ ముందు బస్సుందో లేదో చూస్తాడు. "ఎంతసేపైతే ఏటండి, ముందు బస్సుండాల కదా" అన్నది అతని వేదవాక్కు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, కూతురి పెళ్లి దగ్గర ఆ ఒక్క ముక్కే మరిచిపోయాడు.

కూతురు రోజలిన్‌కి లక్షదీవుల్లో అగత్తి విమానాశ్రయంలో ఉద్యోగం. సంబంధం వచ్చిన జాక్సన్‌ది మన విశాఖే గానీ, ఉద్యోగం అరుణాచల్‌లో తేజు విమానాశ్రయం ఫైర్ సర్వీసులో. పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారు. దయానందం ఫోన్లో రెండు ఊళ్ల పేర్లూ కొట్టాడు. మూడు వేల నూట నలభై కిలోమీటర్లు, విమానంలో నాలుగున్నర గంటలు అని వచ్చింది. "ఇద్దరిదీ ఎయిర్‌పోర్టే. ఇక్కడెక్కితే అక్కడ దిగడమే" అని భార్య విమలమ్మకి చెప్పి, చుట్టాలందరికీ చెప్పి ఒప్పేసుకున్నాడు. చర్చిలో మూడు ఆదివారాలు చదవాల్సిన పెళ్లి ప్రకటన రెండుసార్లు చదివేశారు కూడా.

గురువారం డ్యూటీలో ఉండగా, ఆ విమానం ఎన్ని గంటలకో చూద్దామనుకున్నాడు. అగత్తి నుంచి తేజుకి విమానమే లేదు. నాలుగున్నర గంటలన్నది మ్యాపు మీద గీత గీసి కట్టిన లెక్క. అసలు దారి కొచ్చి, కలకత్తా, గౌహతి. మధ్యలో ఎక్కడో ఒక రాత్రి పడక. మబ్బు పట్టిందంటే ఆ చివరి విమానం మీద కూడా ఆశ లేదు. దయానందానికి పై ప్రాణాలు పైనే పోయాయి. సిగ్గేసింది, భయమేసింది. పెళ్లి చేసి మరీ పిల్లని ఒంటరిదాన్ని చేస్తున్నానా అనుకుంటూ ఆ రోజంతా కిటికీకీ టీ కొట్టుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

"మూడో ప్రకటనప్పుడు అభ్యంతరం ఉందా అని పాస్టరు అయ్యగారు అడుగుతారు కదా. నానే లేత్తాను" అన్నాడు ఇంట్లో.

"కన్నతండ్రి లేత్తాడేటండీ? ముందు పిల్లనడగండి" అంది విమలమ్మ.

శనివారం పొద్దున్నే కూతురికి ఫోను చేసి, డైరెక్టు విమానం లేదని చెప్పాడు.

"నాకు తెలుసు నాన్నా. మొదటిరోజే సూసుకున్నాను. ఇద్దరం ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాం. ఎప్పుడొత్తాదో తెలీదు" అంది రోజలిన్.

"తెలిసే ఒప్పుకున్నావేటే?"

"నువ్వు రోజూ సెప్తావు కదా, డైరెక్టు లేదు, నర్సీపట్నంలో మారండని. అది విని ఎవులైనా ఇంటికి తిరిగెళ్లిపోయారేటి?"

దయానందం ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గుర్తు చేసుకోడానికి చూశాడు. తనని తిట్టినవాళ్లున్నారు. పిల్లల్ని చంకనేసుకుని బస్సు వెనక పరిగెత్తినవాళ్లున్నారు. తిరిగెళ్లిపోయినవాళ్లు ఒక్కరూ గుర్తురాలేదు. ఫోను పెట్టేశాడు.

ఆదివారం అయ్యగారు మూడోసారి పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమన్నారు. దయానందం లేచి నిలబడ్డాడు. అందరి తలలూ అటు తిరిగాయి. ఆడవాళ్ల వైపు నుంచి విమలమ్మ కూర్చోమని సైగ చేస్తూనే ఉంది.

"అభ్యంతరమా దయానందంగారూ?" అన్నారు అయ్యగారు.

"అబ్బే, లేదండి" అన్నాడు. "మూడు సోట్ల మారాల. అంతే."