సుద్దగీతల మీద పాట

వచ్చిన ప్రతివాడినీ టేపు పెట్టి కొలిచే దర్జీ, పెళ్లానికి మాత్రం కంటికొలతతో కుట్టేవాడు. ఆవిడ బట్టలు ఏనాడూ ఆవిడకు సరిపోయిన పాపాన పోలేదు.

ఆవిడ హెడ్ నర్సు. రిటైరయ్యే రోజు ఆసుపత్రి హాల్లో ఒక పాట పాడాలని ఆశ. పక్కన గిటార్ నేను వాయిస్తానని దర్జీ నోరు జారాడు.

"మీరు మధ్యలో ఆగితే నా గొంతూ ఆగిపోతుంది. నా వాళ్ల ముందు పరువు తియ్యకండి," అందావిడ.

నేర్పే పని గిటార్ వచ్చిన అల్లుడి నెత్తిన పడింది. మామగారిని తిట్టలేడు, పొగడటానికేమో ఏమీ లేదు. మేజర్ స్కేలును, అంటే పాటకు కావలసిన స్వరాల వరసను, ఒకే తీగ మీద చూపించాడు. గిటార్ మెడకు అడ్డంగా ఉన్న కమ్మీలు మెట్లనుకోమన్నాడు. మొదటి స్వరం నుంచి రెండు మెట్లు, రెండు, ఒకటి. ఆ పైన రెండు, రెండు, రెండు, ఒకటి. దర్జీ బుర్రూపి, జేబులోంచి సుద్ద తీసి, నొక్కాల్సిన చోటల్లా గీత పెట్టేశాడు.

"గీతలొద్దు మావయ్యగారూ, దూరాలు గుర్తుపెట్టుకోండి," అని అల్లుడు మొత్తుకున్నాడు. సుద్దగీత లేనిదే తన చెయ్యి కదలదని దర్జీ తేల్చేశాడు. నిజంగానే గీతల మీద పాటంతా వచ్చేసింది. ఇంట్లో ఆవిడ అతని మొదటి స్వరం విన్నాకే అందుకునేది.

హాల్లో మైకు చూడగానే ఆవిడకు కంగారు పుట్టింది. అతని కోసం ఆగకుండా తనే ఎత్తుకుంది, అదీ రోజూకన్నా పై శ్రుతిలో. దర్జీ నమ్మకంగా మొదటి గీత నొక్కాడు. అది ఆవిడ స్వరానికి కలవలేదు. ముందు వరసలో పెద్ద డాక్టరు సీలింగు ఫ్యాను వంక చూశాడు. రెండో గీతకు అల్లుడు వంగి చెప్పులు సర్దుకోసాగాడు. ఆవిడ గొంతు వణికింది.

దర్జీ వేలు ఆవిడ స్వరాన్ని తడుముకుంటూ పైకి పాకింది. మూడు మెట్ల అవతల దొరికింది. అక్కడ సుద్ద లేదు. మనిషి పొడుగైతే జేబును కిందికి జరుపుతాం గాని జేబు కొలత మార్చం కదా అని అప్పుడు వెలిగింది. అక్కణ్ణుంచే రెండు, రెండు, ఒకటి లెక్కన జరిగాడు. చెమటకు సుద్దంతా చెరిగిపోతున్నా పట్టించుకోలేదు. ఆవిడ గొంతు నిలదొక్కుకుంది. పాట చివరిదాకా వెళ్లింది.

హాలు మెట్లు దిగుతూ ఆవిడ అంది: "ఇన్నేళ్లకి మీ చేత్తో నాకు సరిపోయింది ఒకటి."

దర్జీ ఆవిడ భుజం మీంచి జారుతున్న జాకెట్టు చూశాడు.

"ఇంటికి పద. టేపు పెడతాను."