లేని చేతికి మందు

అంకారావుకు కుడిచెయ్యి మోచేతి పైదాకా లేదు. నొప్పి మాత్రం ఆ లేని చేతిలోనే. పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలోకి దిగబడుతున్నట్టు ఉంటుందని అతను చెబితే ఊళ్లో మొదట నవ్వారు.

"చెయ్యే లేదు గదరా, గోళ్లు యాడనుంచి వచ్చినాయి?" అన్నారు. అతనూ వాళ్లతో కలిసి నవ్వబోయాడు. సగంలోనే పళ్లు బిగపట్టి కూర్చుండిపోయాడు.

ఉదయగిరికి కొంత దూరంలో, చెరువు కింద ఉన్న చిన్న పల్లె అతనిది. పేరుకు ఏ ఉద్యోగమూ లేదు. లైన్‌మన్ కేశవకు మోకాళ్ల నొప్పులు కాబట్టి అతని బదులు స్తంభాలెక్కేవాడు. గాలివాన వచ్చి ఊరు చీకటైపోతే జనం వెతికేది కేశవను కాదు, అంకారావునే. తీగ కలిపి దిగేటప్పుడు ఇళ్లల్లో ఒక్కసారిగా లైట్లు వెలిగి పిల్లలు కేకలు పెడితే, ఆ కేకలు తనకోసమేనన్నట్టు సంతోషపడేవాడు.

ఒక వేసవిలో అట్లాగే గాలివాన కొట్టింది. మరునాడు కేశవ ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, "లైను ఆపించినా, ఎక్కరా" అన్నాడు. ఆగింది కింది లైను. అదే స్తంభం మీద పైన కరెంటుతో ఇంకొకటి వెళ్తోంది. దాని సంగతి ఆ రోజు ఇద్దరికీ తట్టలేదు. చెయ్యి అతుక్కుపోయి, తర్వాత విడిపోయి, కింద చేలో పడ్డాడు అంకారావు. నెల్లూరు ఆసుపత్రిలో చెయ్యి తీసేశారు. కేశవ మంచం దగ్గర నిలబడి ఏడ్చాడు. అతని పైవాళ్లు మాత్రం అంకారావనే మనిషి తమ దగ్గర ఎప్పుడూ లేడని చెప్పారు. కొన్నాళ్లకు కేశవ బదిలీ చేయించుకుని వెళ్లిపోయాడు.

పుండు మానింది. నొప్పి మానలేదు. నొప్పి బిళ్లలు మింగీ మింగీ కడుపు పుండై, రక్తం కక్కుకున్నాడు. ఆ బిళ్లలు ఇక ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. వేరేవి రాశారు. వాటితో పగలంతా మొద్దుగా పడుండేవాడు తప్ప నొప్పి కదల్లేదు.

భార్య తిరుపాలమ్మ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఆమె పప్పులో తిరగమోత వాసనకు పిల్లలు పాఠం మధ్యలోనే కిటికీ వైపు తిరిగేవాళ్లు. మొగుడి పరిస్థితి చూసి చూసి ఒకరోజు పొయ్యి ముందే ఏడ్చేసింది. హెడ్‌మాస్టరు శాంతికుమార్ అది చూశాడు. ఆత్మకూరులో ప్రసన్నకుమారి అనే ఆయుర్వేద డాక్టరు ఉందనీ, తన అన్న వెన్నునొప్పికి ఆమె మందే పనిచేసిందనీ చెప్పి పంపించాడు.

డాక్టరమ్మ అంతా విన్నది. లేని చేతికి నొప్పేమిటని నవ్వలేదు. "చెయ్యి పోయిందని నీ మెదడుకింకా తెలియదు" అన్నది. సీసా ఒకటి బల్ల మీద పెట్టి, "ఇది విజయ. అంటే గంజాయి ఆకుతో చేసిన మందు. దాచి ఇవ్వడం నాకిష్టం లేదు" అని చెప్పింది.

తిరుపాలమ్మ కుర్చీలోంచి లేచింది. "గంజాయా? మా ఇంట్లో బీడీ గూడా తాగరు మేడమ్."

"తాగేది కాదమ్మా. లైసెన్సున్న కంపెనీ చేసిన నూనె. నాలుక కింద చుక్కలు వేసుకోవాలి. నేను చీటీ రాస్తేనే ఇస్తారు. నొప్పి మొత్తం పోతుందని చెప్పను. కొందరికి అసలు పనిచెయ్యదు. తల తిరిగితే ఆపి నా దగ్గరికి రండి."

మొదట్లో నోరెండిపోయి, తల తిరిగింది తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ మోతాదు మార్చింది. తర్వాత ఒక ఉదయం అంకారావు మంచం మీద లేచి కూర్చుని, "తిరుపాలూ, పిడికిలి రవ్వంత వదిలింది" అన్నాడు. ఆమె పరిగెత్తుకొచ్చి అతని మొహంలోకి చూసింది. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

నెమ్మదిగా మిక్సీలు, ఫ్యాన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో అతను స్క్రూ తిప్పుతుంటే ఆమె కదలకుండా పట్టుకునేది. సరిగ్గా పట్టుకోలేదని కసురుకునేవాడు. ఆ కసురు విని ఎన్నాళ్లయిందోనని ఆమె లోపల నవ్వుకునేది.

ఒకసారి అంకారావు ఒక్కడే ఆత్మకూరు వెళ్లి మందు తీసుకుని బస్సులో తిరిగొస్తున్నాడు. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. కానిస్టేబులు సీసా మీది అక్షరాలు చదివి ఎస్సైని పిలిచాడు.

"ఏందిరా ఇది?"

"మందు సార్. డాక్టరమ్మ రాసిచ్చింది. చీటీ ఉండాది."

"గంజాయికి డాక్టరు చీటీనా? దిగు."

బస్సంతా చూస్తుండగా దించారు. ఎవరో కిటికీలోంచి ఫోన్లో వీడియో తీశారు. కబురు తెలిసి డాక్టరమ్మ స్టేషనుకు వచ్చి, ఇది చట్టప్రకారం అమ్మే మందేనని గట్టిగా మాట్లాడితే వదిలిపెట్టారు. కేసు పెట్టలేదు. సీసా మాత్రం పరీక్షకు పంపాలని ఉంచేసుకున్నారు. అతను పల్లెకు చేరేలోపే వీడియో చేరింది. వదిలిపెట్టిన సంగతి ఏ వీడియోలోనూ లేదు.

మరునాడు కొందరు తల్లిదండ్రులు బడికొచ్చారు. గంజాయి ఇంటి మనిషి చేతి కూడు మా పిల్లలకొద్దన్నారు. శాంతికుమార్ తిరుపాలమ్మను పక్కకు పిలిచాడు.

"అది మందని నాకు తెలుసమ్మా. నేనే గదా పంపించినా."

"ఆ మాట వాళ్లకు చెప్పండి సార్."

అతను ఆమె మొహం చూడలేకపోయాడు. "కొన్నాళ్లు ఆగమ్మా. సర్దుకుంటుంది."

వంట మాన్పించిన సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. ఊరే చెప్పింది. అంకారావు నేరుగా బడికి పోయి, "మందు మానేసినా సార్. ఇంక ముట్టను. మా ఇంటిదాన్ని పనికి రానీండి" అన్నాడు. అన్నట్టే మానేశాడు. ఆమెను మళ్లీ పిలిచారు.

ఎట్టుందని ఆమె అడిగితే "తగ్గిపోయినట్టే ఉండాది" అనేవాడు. నమ్మాలని ఉండి ఆమె నమ్మింది. ఆమె బడికి పోగానే అతను పొలాల్లో పాడుబడ్డ మోటారు కొట్టంలోకి పోయి, తలుపేసుకుని అరిచేవాడు. గొర్రెలకాపరులు విన్నారు. ఆమెతో ఎవరూ అనలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె బడి గిన్నెలు కడిగి ఇంటికొచ్చేసరికి పెరట్లో కాలిన వాసన. పొయ్యి ముందు అంకారావు కూర్చుని ఉన్నాడు. ఎర్రగా కాలిన అట్లకాడ పక్కన పడుంది. మొండిచెయ్యి చివర చర్మం ఊడి నీరు కారుతోంది.

"ఏం చేసుకున్న్యావయ్యా?" అని అరిచింది.

అతను నెమ్మదిగానే మాట్లాడాడు. "ఈ నొప్పి మేలు తిరుపాలూ. ఇది కనపడతా ఉండాది. దీని మీద నీళ్లు పోసుకోవచ్చు."

ఆమె నీళ్లు పోసింది. గుడ్డ కప్పి, ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయింది. తర్వాత బడికి వెళ్లి వంటగది తాళాలు శాంతికుమార్ బల్ల మీద పెట్టింది.

"మా ఆయన మళ్లీ మందు వాడతాడు సార్. గంజాయి మందే. ఎవురడిగినా చెప్పండి. నేను రాను."

ఉండమని అతను అంటాడేమోనని గుమ్మం దగ్గర క్షణం ఆగింది. అతను తాళాలు సొరుగులో వేసుకున్నాడు.

డాక్టరమ్మ మళ్లీ మందిచ్చింది. ఈసారి అది మునుపటంత పట్టలేదు. మోతాదు పెంచితే తల తిరిగి పడిపోతాడు, తగ్గిస్తే నిద్ర ఉండదు. కాలినచోట మచ్చ ముడుచుకుపోయి కొత్త సలుపు మొదలైంది. మిక్సీలు తెచ్చేవాళ్లు లేరు. తిరుపాలమ్మ కలువాయి వైపు నిమ్మతోటల్లో కాయకోతకు పోతోంది. సాయంత్రం చేతుల నిండా ముళ్లగీతలతో వస్తుంది.

బాగున్న రోజు అతనే పొయ్యి వెలిగించి, ఒంటిచేత్తో ఎసరు పెట్టి, ఆమె వచ్చేసరికి అన్నం వండి ఉంచుతాడు. అందుకని కూలీల ఆటో చెరువుకట్ట మలుపు తిరగ్గానే ఆమె మాటలాపి తమ ఇంటి వైపు చూస్తుంది, పెరట్లో పొగ లేస్తోందా అని. లేవని రోజులే ఎక్కువ. ఆటో దిగి, గబగబా ఇంటికి పోయి, ముందు అతని దగ్గర కాసేపు కూర్చుంటుంది. తర్వాత లేచి తనే పొయ్యి అంటిస్తుంది.