దేవదానం మాస్టారి కోర్టు

టక్. టక్. టక్. కొత్తపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో, ఓ మూల గదిలోంచి చెక్క మీద చెక్క పడుతున్న చప్పుడు. కొబ్బరాకుల నీడలో కునుకు తీస్తున్న మధ్యాహ్నాన్ని ఎవరో తట్టి లేపుతున్నట్టుంది. తర్వాత "ఆర్డర్! ఆర్డర్!" అని ఒక గొంతు. ఆ గొంతు వెనకాలే చెక్కసుత్తితో దేవదానం మాస్టారు బయటికొచ్చారు.

"మన కోర్టుల్లో సుత్తి ఉండదు కదండీ మాస్టారూ!" అన్నాను.

"సినిమాల్లో ఉంటుందండీ. పిల్లలు నమ్మాలా వద్దా?"

ఆయన సోషల్ చెబుతారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే సోమవారం బడిలో రాజ్యాంగ పీఠిక చదువుతారు. రెండు చోట్లా వెనక వరస నిద్రపోతుంది.

ఈ ఏడు చుట్టుపక్కల హైస్కూళ్ళకి మాక్ కోర్టు పోటీ, అంటే ఉత్తుత్తి కోర్టు పోటీ, పెట్టారు. కేసు ఆయనే రాశారు: రొయ్యల చెరువులోని ఉప్పునీరు పక్క తోటలోకి ఊరి, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. జడ్జి ఆయన శిష్యురాలే, తొమ్మిదో తరగతి అక్షయ.

"మా నాన్న పెద్దల ముందు చెప్పులు చేత్తో పట్టుకుని తీర్పు వినేవాడండీ. ఇప్పుడు మా పిల్ల కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఊరంతా నిలబడి వినాలి. నా కోరిక అంతేనండీ" అన్నారు.

కోరిక గొప్పదే. షామియానా, బిర్యానీ, షీల్డులు మాత్రం భీమరాజు గారిని అడిగారు. ఊరి చుట్టూ ఉన్న రొయ్యల చెరువులన్నీ ఆయనవే. ముఖ్య అతిథి కుర్చీ కూడా ఆయనకే. కలలు కనేవారి కళ్ళకు ఇలాంటి చిన్న సంగతులు ఆనవు.

పోటీ రోజు, చేతుల్ని మింగేసిన నల్లకోట్లలో పిల్ల లాయర్లు "తమరు అబద్ధం ఆడుతున్నారండీ" అంటూ వినయంగా వాదించారు. చెరువు కాపలాదారు వేషం వేసిన కుర్రాడు తడబడి, ఉప్పునీరు తోటవైపు వదిలామని ఒప్పేసుకున్నాడు. జనం తలలన్నీ ముఖ్య అతిథి కుర్చీ వైపు తిరిగాయి. అక్షయ కాగితం విప్పింది.

"అందరూ లేవండీ. ఈ కోర్టు తీర్పు..."

అందరికంటే ముందు లేచినవారు భీమరాజు గారు.

"ఆగు తల్లీ జడ్జిగారూ! పెద్దోళ్ళం మేం ఉండగా కోర్టులెందుకమ్మా? తోటాయనకి పాతిక మొక్కలిప్పిస్తాను. చెరువు జోలికెళ్ళకండి. ఏవంటారర్రా?"

"ఆయ్, బాగుందండీ!" అన్నారు జనం. పెద్దలు తగువు తీర్చడం ఇక్కడి అలవాటు. ఈ తగువు ఉత్తిదన్న మాట ఎవరికీ తట్టలేదు. వాదీ ప్రతివాదీ చేతులు కలిపారు. ఫోటోలు తీశారు.

అక్షయ మాస్టారి వైపు తిరిగింది. "చదివెయ్యనాండీ? జడ్జి మాటకి ఎవరూ అడ్డు రాకూడదని మీరే కదండీ చెప్పేరు?"

మాస్టారు భీమరాజు గారిని చూశారు. పొగలు కక్కుతున్న బిర్యానీ గుండిగను చూశారు. రాజ్యాంగ పీఠిక ఆయన గొంతులో పులస చేప ముల్లులా అడ్డం పడి ఉంటుంది.

"రాజీ కూడా న్యాయమేనమ్మా. మడిచెయ్" అన్నారు.

ఇంక మడత పడనంత చిన్నదయ్యేదాకా ఆ పిల్ల కాగితాన్ని మడుస్తూనే ఉంది.

ఉత్తమ న్యాయమూర్తి షీల్డు భీమరాజు గారికే దక్కింది. కొన్నదీ ఆయనే, పుచ్చుకున్నదీ ఆయనే, చప్పట్లు మావి.

సాయంత్రం షామియానా గుంజలు పీకుతుంటే మాస్టారిని అడిగాను, తీర్పు ఎప్పటికైనా వింటామా అని.

"ఎందుకు వినమండీ! వచ్చే ఏడు ఆ చెరువు పక్క జిల్లాలో ఉన్నట్టు రాస్తాను. అక్కడి వాళ్ళకైతే మా పిల్ల ఎంత శిక్ష వేసినా అడ్డొచ్చేవాడుండడండీ."