టోన్ ఆర్మ్ ఎత్తు, వియ్యంకుడి చెవులు

రికార్డ్ ప్లేయర్‌కి కొత్త కార్ట్రిడ్జ్ బిగించాను. సూదిని పట్టి ఉంచే ఆ చిన్న ముక్క పాతదానికన్నా కాస్త ఎత్తు. దాంతో దాన్ని మోసే పొడవాటి కడ్డీ, అదే టోన్ ఆర్మ్, ముందువైపు లేచి, వెనకవైపు కుంగింది. అది రికార్డుకి సమాంతరంగా రావాలంటే వెనకవైపు పైకి జరపాలి. ఎంత జరపాలో చివరికి చెవే తేల్చాలి. నా చెవి మీద నాకు నమ్మకం లేదు. అందుకని ఆ ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చిన మా కోడలి తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టాను.

మొదట పాట దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టుంది.

"బాగుందండీ బావగారూ" అన్నారాయన.

ఆర్మ్ బాగా పైకి జరిపాను. పాటలో ప్రతి సకారమూ బుసకొట్టింది.

"ఇదీ బాగుందండీ."

ఒళ్ళు మండి అడుగుదాకా దించేశాను.

"ఆహా, ఇప్పుడింకా బాగుందండీ!"

పిల్లనిచ్చిన ఇంట్లో పాటకి వంక పెట్టే మనిషి మావైపు ఇంకా పుట్టలేదు.

భోజనంలో కొల్లేరు కొర్రమీను పులుసు. మొదటి ముద్దలోనే తెలిసిపోయింది, ఉప్పు వెయ్యలేదని. ఆయన మాత్రం రెండోసారి వేయించుకుని, "అమృతమండీ చెల్లెమ్మగారూ" అన్నారు.

మా ఆవిడ మురిసిపోయి నావైపు తిరిగింది. "ఏవండీ, మీరేం మాట్లాడరేం? ఎలా ఉంది?"

"అమృతమే" అన్నాను, పులుసు గిన్నె నావైపు లాక్కుంటూ.