తిరగేసిన కార్డు

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ బాణం అనేవారు. చిన్నవాళ్ళయితే బాణమక్క. కుట్టు వంకరపోయినా, దారం వేలాడినా, గుండీ పక్కకు జరిగినా ఆ చోట ఎర్ర బాణం గుర్తున్న స్టిక్కరు అంటించి వెనక్కి పంపడం ఆమె పని. తప్పులు పట్టడమే ఉద్యోగం గనక, ఆమె ఊరికే చూసి నవ్వినా ఎదుటివాళ్ళు ఓసారి కాలరు సవరించుకునేవారు.

"నిన్ను చేసుకునేవాడి పని అయిపోయినట్టే. వాడి ఒంటినిండా స్టిక్కర్లే!" అనేది గుండీల మిషను మీద కూర్చునే పొట్టిది. ఆమెకు వేరే పేరుంది గానీ, ఈ పేరుకే తొందరగా పలికేది.

బాణానికి ముప్పై దాటాయి. అంతకుముందు ఒకతను ఆమెను కొన్నేళ్ళు ఆశపెట్టి, ఇంకొకరిని చేసుకుంటూ శుభలేఖ స్వయంగా తెచ్చి ఇచ్చాడు. "తప్పకుండా రావాలి" అని మరీ చెప్పి పోయాడు. తెలిసినవాళ్ళెవరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. "ఇన్ని తప్పులు పట్టేదానివి, అదొక్కటీ పట్టలేకపోయావా?" అని ఆమెనే అన్నారు. మోసం చేసినవాడు తలెత్తుకు తిరుగుతాడు, మోసపోయినది తల దించుకోవాలి. ఇదెక్కడి న్యాయమని అడిగే మనిషి ఆమె చుట్టూ ఒక్కరూ లేకపోయారు.

అందుకే మిషన్లు బాగుచేసే మెకానిక్ ఆమెతో మాట కలిపినప్పుడు సంతోషం కంటే ముందు భయమే వేసింది. అతను తక్కువ మాట్లాడేవాడు. ఆమె బల్ల మీది లైటు మిణుకుమంటే చెప్పకుండానే వచ్చి సరిచేసి పోయేవాడు. "మా అమ్మ ఒక ఆఫీసులో పనిచేస్తుంది" అని ఒకసారి చెప్పి, ఇంకేమైనా అడిగేలోపు స్క్రూడ్రైవరు వెతుక్కున్నాడు. పెళ్ళి మాటెత్తితే "కాస్త ఆగు, అమ్మతో మాట్లాడాలి" అనేవాడు. ఆ కాస్త సాగుతూనే ఉంది.

ఒకరోజు పొట్టిది పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏమే, నీ మెకానిక్‌ని పెద్ద షాపింగ్ కాంప్లెక్స్‌లో చూశా. భుజాన ఆడవాళ్ళ సంచీ! వెనక మెట్ల దగ్గర ఎవరి కోసమో నిలబడ్డాడు. పలకరిస్తే నన్నెరగనట్టు గోడవైపు తిరిగాడు."

బాణం చేతిలోని చొక్కా పక్కన పెట్టింది. "ఎవరిదంట ఆ సంచీ?"

"నన్నడుగుతావేం? వాణ్ణడుగు."

"అడిగితే అబద్ధం చెప్తే?"

"నిజం చెప్తే?"

"అదింకా భయం."

ఈ భయం మీద బతికే వ్యాపారాలు ఊరికి పది ఉంటాయి. "నేనంటే నీకు నిజంగా ఇష్టమేనా?" అని ఆడది నోరు తెరిచి అడిగితే ఎగబడుతోంది అంటారు. అడగకుండా ఊరుకుంటే గుడ్డిగా నమ్మింది అంటారు. ఆ రెంటికీ మధ్య, జుట్టు కత్తిరించే షాపు పై గదిలో, బొమ్మల కార్డులు తీయించి జోస్యం చెప్పే టారో మేడమ్ కుర్చీ వేసుకుని కూర్చుంది. పొట్టిదాని ఆడబిడ్డ ఒకసారి ఆమె దగ్గరకు వెళ్ళొచ్చిందట, అంతా అద్దంలో చూసినట్టు చెప్పిందట. పొట్టిదే బాణాన్ని అక్కడికి వెంటబెట్టుకెళ్ళింది.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. పొద్దుటి నుంచి కూర్చుని కూర్చుని నడుం పట్టేసి, వీపు వెనక దిండు పెట్టుకున్న మనిషి. కార్డులు బోర్లా పరిచి, "అతన్ని మనసులో తలుచుకుని ఒకటి తియ్యమ్మా. పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పు" అంది. అప్పుడే ఫోను మోగితే అటు తిరిగి, "అరగంట ఆగి రండి" అని పెట్టేసింది.

అప్పటికి కార్డు తిరిగి ఉంది. ఒక మగ, ఒక ఆడ, ఇద్దరూ కాళ్ళు పైకి, తలలు కిందికి.

"అయ్యో," అంది మేడమ్. "ప్రేమికుల కార్డే వచ్చింది గానీ తలకిందులైంది తల్లీ. మాట ఒక దారి, మనసు ఒక దారి. అతను నీ దగ్గర ఏదో దాస్తున్నాడు."

"ఇంకొక మనిషా?"

"ఆడమనిషి నీడ ఉంది." అప్పటికే సంచీ సంగతి పొట్టిది గుమ్మంలోనే చెప్పేసింది మరి!

మర్నాడు భోజనాల గదిలో అతను డబ్బా మూత తీస్తుండగా బాణం ఎదురుగా వచ్చి నిలబడింది. రాత్రంతా నిద్ర లేదు, కళ్ళు మండుతున్నాయి. మెల్లగానే అడగాలనుకుంది. కానీ మాట పెదవి దాటేసరికి కేకైపోయింది.

"షాపింగ్ కాంప్లెక్స్‌లో దాని సంచీ మోస్తున్నావంట కదా! ఎవత్తది? చెప్పు, అందరూ వింటారు!"

అతను మూత మళ్ళీ పెట్టాడు. చుట్టూ చూశాడు. ఆ చూపు ఆమెకు ఇప్పటికీ గుర్తే, దారి వెతుక్కునే మనిషి చూపు.

"మా అమ్మ," అన్నాడు. "అక్కడ టాయిలెట్లు కడుగుతుంది. మణికట్టు పోయింది, బకెట్లు ఎత్తలేదు. నేనెళ్ళి ఎత్తుతున్నా. చాలా?"

ఎవరో మూల నుంచి కిసుక్కుమన్నారు. అతను డబ్బా పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల్లో అతనికి బకెట్ అని పేరు పెట్టారు. కటింగ్ విభాగం నుంచి ఒకడు, "బకెట్ గారూ, ఇటోసారి రండి, మిషను నూనె కక్కుతోంది" అనేవాడు. తాము కూర్చుని వచ్చిన చోటు కడిగే చేతిని చూసి నవ్వడానికి వీళ్ళకెవరిచ్చారు హక్కు? రోజంతా నుంచుని కాళ్ళు వాచిన ఆడవాళ్ళు కూడా నవ్వారు, అది ఇంకా ఘోరం. కానీ ఆ నవ్వుకి తలుపు తీసింది బాణమే. ఆ పేరు వినపడిన ప్రతిసారీ ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. అతను ఆమె వైపు చూడటం మానేశాడు. లైటు మిణుకుమంటే వేరేవాణ్ణి పంపాడు.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో ఆమె చేయి ఆగిపోయింది. చొక్కాను ఏళ్ళ తరబడి ఎలా తిప్పుతోందో అలాగే తిప్పింది. కింది అంచు పట్టుకుని పైకి విసిరితే లోపలి కుట్టంతా ఒక్కసారే కనపడుతుంది. కాలరు వచ్చి పొట్టకు తగులుతుంది. తల కిందికి, అంచు పైకి. చెకింగ్ బల్ల దగ్గర అందరి చేతివాటమూ అదే. ఇంట్లో దుప్పటైనా, తువ్వాలైనా ఆమె అలాగే తిప్పుతుంది.

కార్డునీ అలాగే తిప్పింది!

పక్కకి తిప్పమని మేడమ్ చెప్పింది. విన్నది చెవి, తిప్పింది చెయ్యి. ప్రేమికులు నిటారుగానే ఉన్నారు, తనే వాళ్ళను తలకిందులు చేసింది. "అంటే అతను నిజమే! కార్డు మంచిదే వచ్చింది!" అని ఆమె ప్రాణం ఒక్కసారి లేచి వచ్చింది. పొట్టిదానికి చెప్పాలని సగం లేచింది కూడా.

మరుక్షణం అక్కడే కూలబడింది.

నిజం అతని నోటితోనే విని ఇన్నాళ్ళైంది. అందరి ముందూ ఒలిచి చూపించినట్టు చెప్పాడు. అయినా తను ఇప్పుడు, కార్డు ఒప్పుకున్నాక, సంతోషిస్తోంది! కేక వేసినందుకు పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఈ సిగ్గు ఒక ఎత్తు. మొదటిది నలుగురూ చూశారు. దీన్ని చూసింది తనొక్కతే, అందుకే ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

సాయంత్రం షాపింగ్ కాంప్లెక్స్ వెనక మెట్ల దగ్గరకు వెళ్ళింది. ఒక పెద్దావిడ మణికట్టుకు గుడ్డ చుట్టుకుని, నేల తుడిచే కర్ర ఎడమ చేత్తో పట్టుకుని వస్తోంది. బాణం తనెవరో చెప్పుకోబోయింది.

"తెలుసులే," అంది ఆవిడ. "జరిగింది వాడు చెప్పాడు. అది నువ్వేనని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది."

"నన్ను క్షమించండమ్మా. మీ పని గురించి అందరి ముందూ..."

"నా పనికేమైంది? కడగకపోతే ఒక్క పూట ఉండమను చూద్దాం, వాళ్ళంతా. నాకు సిగ్గు లేదమ్మాయ్. వాడికుంది. ఆఫీసని చెప్పాడంట కదా నీకు? చిన్నప్పుడు బళ్ళో ఏడిపించారు, అప్పట్నించి అదే అబద్ధం. నేనెన్నిసార్లు తిట్టానో." ఆవిడ కర్ర గోడకు ఆనించింది. "నా దగ్గరకొచ్చి ఏడిస్తే నీకు తేలికవుతుంది. వాడికేం ఒరుగుతుంది? అందరి ముందూ అన్నావుగా? అక్కడే చెప్పు."

"వాళ్ళు నవ్వుతారు."

"వాడి మీద నవ్వలేదూ?"



మర్నాడు భోజనాల గదిలో ఆమె లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. "ఆవేళ నేనన్నది తప్పు," అంది. "ఇతన్ని అడగాల్సింది పోయి కార్డుల్ని అడిగాను. ఆ కార్డు కూడా చొక్కా తిప్పినట్టు తిప్పి తలకిందులు చేసుకున్నాను."

గది గొల్లుమంది. పొట్టిది చేత్తో నోరు మూసుకుంది. నవ్వు ఆగేదాకా బాణం నిలబడే ఉంది, ముఖం కాలిపోతున్నా.

"ఇంకా నవ్వండి. కానీ ఇతన్ని బకెట్ అనకండి. అనాలనిపిస్తే నన్ననండి, నేను పలుకుతా. వాళ్ళమ్మ పనికి నవ్వేవాళ్ళు రేపటి నుంచి ఇక్కడి టాయిలెట్‌కి వెళ్ళకుండా ఉండండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కటింగ్ విభాగం వాడు తల దించి తిండిలో పడ్డాడు.

ఆమె అతని బల్ల దగ్గరకు వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఎవరెవరినో అడిగిన ప్రశ్న, అడగాల్సినవాడి ముందు పెట్టింది. "నేనంటే నీకు నిజంగా ఇష్టమేనా?"

అతను చేతుల నూనె తుడుచుకున్నాడు.

"ఆవేళ పొద్దుటిదాకా అయితే అవును," అన్నాడు. "ఇప్పుడు నాకే తెలీదు. ఆఫీసని అబద్ధం చెప్పింది నేనే, అది కాదనను. కానీ నువ్వు అరిచింది చెవిలోంచి పోవట్లేదు."

"పోయేదాకా ఆగనా?"

"పోతుందని మాటివ్వలేను."

"మాటివ్వమనట్లేదు," అంది ఆమె.

అతను బల్ల మీద డబ్బాను కొంచెం పక్కకు జరిపాడు. ఆమె కూర్చోవడానికా, ఊరికేనా అర్థం కాలేదు. ఆమె దాన్ని ఊహించబోయి, ఆగి, "ఇక్కడ కూర్చోనా?" అని అడిగింది.

"ఇవాళ వద్దు," అన్నాడు.

"సరే," అని ఆమె తన డబ్బా తీసుకుని, అందరూ చూస్తుండగా, వెనక్కి వెళ్ళి పొట్టిదాని పక్కన కూర్చుంది.